విద్యుత్పడవకు తగిన ఛార్జరు

తూర్పు కనుమల నడుమ, మన్యసీమలో, పెదబయలు అను గ్రామము కలదు. 2022వ సంవత్సరము నుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నది. ఆ ప్రాంతపు కొండవాగులు పెక్కు కలసి మత్స్యగెడ్డ యగును. ఆ నీరు జోలాపుట్టు జలాశయమున నిలిచి, ఆ పిమ్మట డుడుమ జలపాతము కడ లోతైన లోయలోనికి దిగును. అచ్చటనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము కలదు. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములకు ఉమ్మడి సొత్తయిన ఆ కేంద్రము 1955లో పనిచేయ నారంభించెను.

గెడ్డకు ఇరుగట్టుల నున్న పల్లెలవారు పెక్కుమంది సంతకును, ఆసుపత్రికిని, బడికిని పోవలెనన్న నాటుపడవ యెక్కవలసినదే. దానిని నడుపునది తెడ్డు, తెడ్డు వేయువాని భుజబలము. ఎదురుగాలి వీచినను, వానకాలమున నీరు పోటెత్తినను ఆ బలము చాలదు. “గెడ్డనీటినుండి పుట్టిన విద్యుత్తే మరల గెడ్డమీద మన పడవను నడుపరాదా?” అని మీకు తోచవచ్చును. తప్పక నడుపవచ్చును.

ఇది కొత్త యూహ కాదు. 1881లోనే గుస్తావ్ త్రూవే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్ నగరమున సేన్ నదిపై విద్యుత్పడవను నడిపి చూపెను. మన దేశమున కేరళలో, వైకోము రేవునుండి తవణక్కడవు రేవునకు, 75 మందిని మోయగల ‘ఆదిత్య’ అను సౌరవిద్యుత్పడవ 2017 నుండి నడచుచున్నది. కొచ్చిలో 2023లో ప్రారంభమైన జలమెట్రో పడవలును బ్యాటరీల బలముతోనే సాగుచున్నవి.

పడవకు మోటారు బిగించుట అంత కష్టము కాదు. బ్యాటరీ కొనుటయు డబ్బుతో తీరు పని. జనులు సాధారణముగా అశ్రద్ధ చేయునది ఆ బ్యాటరీని నింపు ఛార్జరు విషయమున. ఏ ఛార్జరైన నొకటే యని తలచి చవుకదానిని తెత్తురు. ఆ పొరపాటు నేనును చేసితిని. పూర్వము నేను పనిచేసిన యొక పాఠశాలలో ధ్వనివర్ధకమునకు బ్యాటరీ యుండెడిది. నేనొక చవుక ఛార్జరు కొని తెచ్చి, వేసవి సెలవులకు ముందు దానికి తగిలించి, తీయుట మరచితిని. బడి తెరచునప్పటికి బ్యాటరీలోని నీరింకి పలకలు చెడిపోయెను. స్వాతంత్ర్యదినోత్సవమునాడు మైకు పలుకలేదు. మేమందరము గొంతెత్తి అరచితిమి. అది నేలమీద జరిగినది గనుక నవ్వుకొంటిమి. గెడ్డ నడుమ పడవ మోటారు ఆగిపోయినచో నవ్వుటకు వీలుండదు.

ఇంతకును ఛార్జరు చేయు పని యేమి? మన యింటి తీగలలో వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్ప్రవాహము. బ్యాటరీకి కావలసినది తక్కువ వోల్టుల ఏకముఖ ప్రవాహము. ఛార్జరు మొదటిదానిని రెండవదానిగా మార్చును. అంతతో దాని పని తీరలేదు. ఊటనీటి కడ కుండ నింపు తల్లిని మీరు చూచియుందురు. మొదట ధార నిండుగా పట్టును. మెడవరకు నిండగనే ధార తగ్గించును. అంచుదాక నిండిన పిమ్మట ఒలుకకుండ కుండను తొలగించును. మంచి ఛార్జరును ఇట్లే మూడు దశలలో పనిచేయును. 12 వోల్టుల సీసపు బ్యాటరీకి మొదట నిండు ప్రవాహము నిచ్చును. వోల్టులు సుమారు 14.4కు చేరగనే వాటిని అచ్చటనే నిలిపి, ప్రవాహమును క్రమముగా తగ్గనిచ్చును. నిండిన పిమ్మట సుమారు 13.5 వోల్టులకు దిగి, కావలి కాయుచుండును. నా చవుక ఛార్జరునకు ఈ మూడవ దశ తెలియదు.

ఛార్జరును ఎన్నుకొనునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: బ్యాటరీ ఎన్ని వోల్టులది? 12 వోల్టుల బ్యాటరీలు రెంటిని వరుసగా కలిపినచో 24 వోల్టు లగును. అప్పుడు 24 వోల్టుల ఛార్జరే కావలెను.

రెండవది: బ్యాటరీ ఏ జాతిది? సీసపు పలకలును గంధకామ్లమును గల పాతరకము ఒకటి. లిథియము రకము మరియొకటి. లిథియము బ్యాటరీ తేలిక, దీర్ఘాయువు కలది, కాని వెల యెక్కువ. సీసపు బ్యాటరీకి చేసిన ఛార్జరు దీనికి హాని చేయవచ్చును. కాన తయారుచేసినవారు చెప్పిన ఛార్జరునే వాడవలెను. మరియు ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు దిగువ నున్నప్పుడు లిథియము బ్యాటరీని నింపరాదు. మన్యములో కొన్నిచోట్ల పుష్యమాసపు వేకువ చలి సున్నకు చేరువగును గనుక ఈ మాట మరువరాదు.

మూడవది: ఛార్జరు ఎన్ని ఆంపియర్లది కావలెను? ఒక చిన్న లెక్క చేయుదము. 100 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడినచో దాని ఆయువు క్షీణించును. కనుక మనము వాడదగినది 50 ఆంపియరు-గంటలు. మోటారు 30 ఆంపియర్లు లాగునేని, 50ని 30చే భాగింపగా సుమారు గంటన్నర ప్రయాణము వచ్చును. ఇక నింపుట. సీసపు బ్యాటరీకి దాని సామర్థ్యమున పదవవంతు మొదలు ఐదవవంతు వరకు ప్రవాహము తగినది. 10 ఆంపియర్ల ఛార్జరు పెట్టినచో, 50 ఆంపియరు-గంటలు నింపుటకు లెక్కప్రకారము ఐదు గంటలు. తుదిదశ నెమ్మదిగా సాగును గనుక ఏడెనిమిది గంటలు పట్టును. రాత్రి తగిలించినచో తెల్లవారుసరికి పడవ సిద్ధము. ఛార్జరు మరీ చిన్నదైన తెల్లవారినను నిండదు. మరీ పెద్దదైన బ్యాటరీ వేడెక్కి చెడును.

ఎన్నుకొనుట యెంత ముఖ్యమో అమర్చుటయు నంత ముఖ్యము. నీటికిని విద్యుత్తునకును పొత్తు కుదరదు. ఛార్జరును గట్టుమీద, వానకాలపు నీటిమట్టమున కెత్తున, తడి తగులని గోడకు బిగించుట మేలు. అది వేడెక్కును గనుక చుట్టును గాలి యాడవలెను. బ్యాటరీకి సరిగా పైన మాత్రము ఉంచరాదు. సీసపు బ్యాటరీ నిండునప్పుడు ఉదజని వాయువు వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లకు చేరినచో చిన్న నిప్పురవ్వకే భగ్గుమనును. కనుక మూసిన గదిలో నింపరాదు, దగ్గర బీడీ వెలిగింపరాదు.

ఛార్జరునుండి బ్యాటరీకి పోవు తీగ లావుగాను, పొట్టిగాను ఉండవలెను. బ్యాటరీ ధనధ్రువము చెంతనే ఫ్యూజు ఉండవలెను. గోడ స్విచ్చికి ఎర్తింగును, 30 మిల్లీఆంపియర్ల లీకునకే విద్యుత్తును త్రుంచు రక్షకస్విచ్చియు తప్పనిసరి. ముందు బ్యాటరీకి కొక్కెములు తగిలించి, పిమ్మట స్విచ్చి వేయవలెను. తీయునపుడు ముందు స్విచ్చి ఆపి, పిమ్మట కొక్కెములు తీయవలెను. 230 వోల్టుల తీగను నీటిలో నున్న పడవలోనికి ఎన్నడును లాగరాదు.

విద్యుత్తు సరిగా అందని పల్లెలలో సౌరఫలకములతోను బ్యాటరీని నింపవచ్చును. అప్పుడు ఫలకమునకును బ్యాటరీకిని నడుమ ఛార్జి నియంత్రకము అను పరికరము ఉండవలెను. మబ్బు పట్టిన వానకాలపు దినములలో ఫలకములు ఇచ్చునది తక్కువ. ఆ లెక్కయు ముందే చూచుకొనవలెను.

బాలబాలికలారా! మోటారు చప్పుడు మన చెవికి వినబడును. పడవ వేగము కంటికి కనబడును. గోడకు తగిలించిన ఛార్జరు మాత్రము రాత్రియెల్ల ఎవరికిని తెలియకుండ తన పని చేయును. అవతలి గట్టునుండి రోగిని ఆసుపత్రికి తెచ్చు పడవ నడిగెడ్డలో నిలువక ఒడ్డు చేరుట దానిమీదనే ఆధారపడి యున్నది. కావున దానిని వెల చూచి కాక బ్యాటరీని చూచి కొనుడు. ఎంత మంచి ఛార్జరున్నను, పడవలో ఒక తెడ్డు మాత్రము ఎప్పుడును ఉంచుకొనుడు.