పట్నం, సముద్రం, దీవి – యాత్రకు లెక్క ఎట్లా వేయాలి?



పోయిన నెలలో సోషల్ సారు మా 10వ తరగతి వాళ్ళకు ఒక పని చెప్పారు. "వేసవి సెలవుల్లో పోయే ఒక యాత్రకు ప్లాన్ రాసుకు రండి. పోతమా లేదా అన్నది తర్వాతి మాట. కాని ప్లాన్ మాత్రం నిజంగా పోయేటోళ్ళు వేసుకున్నట్టే ఉండాలె" అన్నారు.

మా గ్రూపులో ఆరుగురం. ముగ్గురు పెద్ద పట్నం చూద్దామన్నారు. ముగ్గురు సముద్రం, దీవులు అన్నారు. చివరికి రెండూ కలిపినం. డబ్బున్నోళ్ళు సింగపూర్ పట్నం చూసి, అక్కడి నుండి బాలి దీవికి పోతారట. మా ఆరుగురిలో ఒక్కరికీ పాస్‌పోర్టు లేదు. అందుకని పాస్‌పోర్టు అక్కర లేని జత వెతికినం. అదే విశాఖపట్నం, అండమాన్ దీవులు.

ఆ ప్లాన్ ఎట్లా వేసినమో, అందులో నేను చేసిన ఒక తప్పు ఏమిటో మీకు చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

1. ముందు కాలం, తర్వాత తేదీ

మా బాపు చెరకు నరకడానికి పోతాడు. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడిన తర్వాత ఆయన దూరపు మిల్లుల చెరకుకు పోతున్నాడు. సీజన్ అంటే ఏమిటో మా ఇంట్ల చిన్నపిల్లలకు కూడా తెలుసు. నరికిన చెరకు వెంటనే మిల్లుకు చేరాలె. ఆలస్యమైతే తీపి తగ్గిపోతది. యాత్ర కూడా అట్లాంటిదే. కాలం తప్పితే ఎంత డబ్బు పెట్టినా దండుగ.

అండమాన్‌లో మన దగ్గర కంటె వాన చాలా ఎక్కువ. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్లు పడుతుంది. నైరుతి వానలు మనకు జూన్‌లో వస్తే అక్కడికి మే నెల నడుమనే వస్తాయి. ఇప్పుడు మన సెలవులు చూడండి. దసరా సెలవులు తుఫానుల కాలంలో పడతాయి. సంక్రాంతికి ఆకాశం బాగుంటుంది గాని సెలవులు కొన్ని రోజులే. ఇక మిగిలింది వేసవి. సెలవులు ఇచ్చిన మరునాడే బయలుదేరి, వానలు రాకముందే మే మొదటి పక్షంలో ఇల్లు చేరాలె. మా ప్లాన్‌లో మొదటి గీత ఇదే.

2. ఓడ తేదీని బట్టి మన తేదీ

నిజామాబాద్ నుండి సికింద్రాబాద్‌కు రైలు. అక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నం. దూరం సుమారు 700 కిలోమీటర్లు. ఇంతవరకు సులువే.

విశాఖ నుండి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. ఈ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. విమానంలో కొన్ని గంటల పని. ఓడలో అయితే రెండున్నర నుండి మూడు రోజులు. ఓడలో బంక్ అనే సాదా తరగతి ఉంటుంది. మన డార్మిటరీ లాగ పైనొకటి కిందొకటి పడకలు. టికెట్ అన్నిటి కంటె తక్కువ. అయితే విశాఖ నుండి ఓడలు అరుదు. చెన్నై, కోల్‌కతాల నుండి ఎక్కువ నడుస్తాయి. కాబట్టి మన తేదీ రాసుకొని ఓడను వెతకవద్దు. ఓడ తేదీ తెలుసుకొని మన తేదీ రాయాలె. పోవడానికి, రావడానికి రెండు టికెట్లూ దొరికితేనే ఇల్లు కదలాలె.

రోజుల లెక్క ఇట్లా వచ్చింది.

1వ రోజు: నిజామాబాద్ నుండి బయలుదేరడం.
2, 3 రోజులు: విశాఖపట్నం.
4, 5, 6 రోజులు: ఓడ.
7 నుండి 12 వరకు: దీవులు.
13, 14, 15 రోజులు: తిరిగి ఓడ.
16వ రోజు: విశాఖలో దిగి రాత్రి రైలు.
17వ రోజు: నిజామాబాద్.

మొత్తం 17 రోజులు. అందులో 9 రోజులు దారికే పోయినయి. చూసేది 8 రోజులే. ఇది చూసి మా దోస్తు ఒకడు "గింతేనా!" అన్నాడు. దూరం పోయేటోడు దారిని కూడా యాత్రలో కలుపుకోవాలె. మూడు రోజులు నాలుగు దిక్కుల నీళ్ళు తప్ప ఏమీ కనబడని చోటు మన తండాలో ఎవరు చూశారు?

అయితే మా లంబాడా పెద్దలకు సముద్రంతో ఏ సంబంధం లేదనుకోవద్దు. వెనకటికి ఎద్దుల మీద తీరం నుండి ఉప్పు మోసుకొచ్చి ఊరూరా అమ్మినవాళ్ళు మా వాళ్ళే. లవణం అనే మాట నుండే మా పేరు వచ్చిందని కొందరు చెపుతారు.

3. పట్నంలో రెండు రోజులు

విశాఖలో రామకృష్ణా బీచ్ ఒడ్డున ఐ.ఎన్.ఎస్. కుర్సురా అనే నిజమైన జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో దానికి విశ్రాంతి ఇచ్చి, 2002లో మ్యూజియంగా మార్చారు. లోపలికి పోయి చూడవచ్చు. నీటి కింద పనిచేసేవాళ్ళు ఎంత ఇరుకులో తిని పడుకునేవారో చూస్తే మన హాస్టల్ గది విశాలంగా కనబడుతుంది. తర్వాత కైలాసగిరి ఎక్కితే పట్నం, సముద్రం రెండూ ఒక్కచోట కనబడతాయి. రెండో రోజు సంగతి కింద చెపుతాను. దానిని మేము మధ్యలో మార్చినం.

4. దీవులలో

అండమాన్, నికోబార్‌లో చిన్నా పెద్దా కలిపి 800లకు పైగా దీవులు ఉన్నాయి. మనుషులు ఉండేవి కొన్ని మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 3 లక్షల 80 వేల మంది ఉన్నారు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుండి చేపల వేటకు, కూలికి పోయి అక్కడే స్థిరపడినవాళ్ళు చాలామంది. కాబట్టి దారి అడగడానికి భయం లేదు.

మొదట చూడవలసినది సెల్యులర్ జైలు. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. సైకిల్ చక్రానికి పుల్లల లాగ ఏడు వరుసలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గది. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఇప్పుడు మూడు వరుసలే మిగిలాయి. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వారిలో కొందరిని కూడా అండమాన్‌కు పంపారు. అక్కడ ఖైదీలతో కొబ్బరి నూనె గానుగ తిప్పించేవారు. మన దిక్కు బెల్లం గానుగకు ఎద్దులను కట్టేవారు. అక్కడ ఎద్దుల స్థానంలో మనుషులు. ఈ ఒక్క మాట చదివినప్పుడు మా గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత రాస్ దీవి. దానికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు. అదే సంవత్సరం హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీపం అయింది. పోర్ట్ బ్లెయిర్ నుండి స్వరాజ్ ద్వీపానికి చిన్న ఓడలో రెండు రెండున్నర గంటలు. అక్కడి రాధానగర్ బీచ్ పేరు గలది. ఇసుక తెల్లగా ఉంటుంది.

ఎందుకు తెల్లగా ఉంటుంది? పగడాలు అనేవి రాళ్ళు కావు, చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూళ్ళు. అవి, గవ్వలు నలిగి నలిగి తెల్లని ఇసుక అవుతాయి. పగడాలకు వెచ్చని, తేటనీరు కావాలె. కందకుర్తి దగ్గర మన జిల్లాలోకి వచ్చే గోదావరి లాంటి పెద్ద నదులు మట్టి తెచ్చి కలిపే తీరంలో అవి బాగా పెరగవు. ఒక పగడం చెయ్యెడు పెరగడానికి ఏండ్లు పడుతుంది. అందుకే పగడాలను విరవడం, తేవడం చట్టం ప్రకారం నేరం. ట్రంకు పెట్టెలో దాచి తెద్దామనుకునే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలె.

ఇంకో జాగ్రత్త. అక్కడ కొన్ని తీరాలలో మొసళ్ళు ఉంటాయి. బోర్డు పెట్టి అనుమతి ఇచ్చిన చోట తప్ప నీళ్ళలో దిగవద్దు.

గడియారం సంగతి కూడా చెప్పాలె. నిజామాబాద్ 78 డిగ్రీల రేఖాంశం దగ్గర, పోర్ట్ బ్లెయిర్ 93 దగ్గర ఉన్నాయి. తేడా 15 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఒక గంట. కాని గడియారం దేశమంతా ఒకటే. అందుకని ఏప్రిల్‌లో అక్కడ అయిదింటికే తెల్లవారి, సాయంత్రం అయిదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. మన అలవాటు ప్రకారం ఎనిమిదింటికి బయలుదేరితే సగం దినం దండుగ.

5. కొట్టేసిన లైను

ఇప్పుడు నా తప్పు. 11వ రోజు కింద నేనే నా చేత్తో "జారవా గిరిజనులను చూడడం" అని రాసిన. పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో బొమ్మ కూడా వేసిన. దోస్తులందరూ బాగుందన్నారు.

ఆదివారం బాపు, నానమ్మ నన్ను చూడడానికి వచ్చారు. నోట్ బుక్ చూపించిన. నానమ్మకు చదువు రాదు. బొమ్మ చూసి ఎవరని అడిగింది. అడవిలో ఉండేటోళ్ళని, బట్టలు అంతగా కట్టరని, చూడడానికి పోతమని చెప్పిన. నానమ్మ కొంచెం సేపు ఊరుకుంది. తర్వాత ఒక్క మాట అడిగింది. "వాళ్ళు రమ్మని పిలిచిన్రా?"

నాకు వెంటనే మా తండాలో తీజ్ పండుగ గుర్తుకొచ్చింది. నేను అప్పుడు 6వ తరగతి. పట్నం నుండి ఒక కారు వచ్చింది. నానమ్మ ఫేటియా, కాంచళి, చేతుల నిండ బలియాలు వేసుకొని కూర్చుంది. అడగకుండనే ఫోటోలు తీసిన్రు. ఒకామె నానమ్మ గదవ పట్టుకొని ముఖం ఇటు తిప్పింది. నన్ను కూడా పక్కన నిలబెట్టిన్రు. పోయేటప్పుడు బిస్కెట్ పుడ చేతిల పెట్టిన్రు. నానమ్మ దాన్ని ముట్టలేదు. ఫోటోలో నేను నవ్విన. ఎందుకు నవ్విన్నో నాకు ఇప్పటికీ తెలవదు.

సోమవారం లైబ్రరీ పీరియడ్‌లో సారు సాయంతో చదివినం. జారవాలు ఉండే అడవి నడుమ నుండి ఒక పెద్ద రోడ్డు పోతుంది. బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకు ఆ రోడ్డు మీదనే పోతారు. బండ్లను గుంపుగా పంపుతారు. మధ్యలో ఆపవద్దు, ఫోటో తీయవద్దు, ఏమీ ఇవ్వవద్దు అని నియమం. ఆదిమ తెగల రక్షణకు 1956 నుండి ప్రత్యేక చట్టం ఉంది. అయినా యాత్రికుల ముందు తిండి కోసం జారవా స్త్రీలతో నాట్యం చేయించిన వీడియో ఒకటి 2012లో బయటపడింది. అది చదివినప్పుడు నాకు బిస్కెట్ పుడ గుర్తుకొచ్చింది.

ఇది మర్యాద సంగతి ఒక్కటే కాదు, ప్రాణం సంగతి. వేల ఏండ్లు వేరుగా ఉన్నవాళ్ళకు మన రోగాలను తట్టుకునే శక్తి ఉండదు. 1858లో బ్రిటిష్ వారు అక్కడ స్థిరపడేనాటికి గ్రేట్ అండమానీ తెగవారు కొన్ని వేల మంది. 1877లో తట్టు వ్యాధి వచ్చి చాలామందిని తీసుకుపోయింది. నేడు వారు సుమారు 50 మంది. జారవాలకు 1999లో తట్టు సోకింది. వారు మొత్తం కొన్ని వందల మందే. మనకు టీకా వేసి వారం రోజులు సిక్ రూములో పడుకోబెట్టే రోగం వాళ్ళకు తెగ మొత్తానికి గండం.

మనం కూడా గిరిజనులమే. కాని మనకు బడి ఉంది, ఓటు ఉంది. వద్దు అంటే వద్దని చెప్పగలం. ఈ గోడ మీద రాయగలం. వాళ్ళు పొదల చాటుకు పోవడం ద్వారానే వద్దని చెపుతారు. ఆ మాట మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థం కావాలె?

11వ రోజు లైనును కొట్టేసిన. "మరి గుహలు కూడా పోయినయి గదా?" అని సారు అడిగారు. దానికి మేము జవాబు వెతికినం. విశాఖకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో బొర్రా గుహలు ఉన్నాయి. అవి కూడా సున్నపురాతి గుహలే. అరకు రైలులో పోవచ్చు. విశాఖలో రెండో రోజు దానికి ఇచ్చినం. అక్కడా గిరిజన గ్రామాలే. ఎవరినైనా అడిగే ఫోటో తీయాలని ప్లాన్ కింద రాసినం. 11వ రోజు పోర్ట్ బ్లెయిర్‌లోని ఆంత్రోపాలజీ మ్యూజియం, సాయంత్రం చిడియా టాపు దగ్గర సూర్యాస్తమయం. ఆ తెగల విల్లు, పడవ, బుట్టలను మ్యూజియంలో చూస్తే మన దగ్గు వాళ్ళకు అంటదు. 12వ రోజు ఖాళీ. గాలివానకు చిన్న ఓడ ఆగితే ఆ రోజు పనికి వస్తుంది.

6. వార్డెన్ సార్లకు విజ్ఞప్తి

17 రోజుల యాత్ర ఈ ఏడు కాదని మాకు తెలుసు. కాని చిన్న యాత్రతో అలవాటు చేసుకోవచ్చు. ఒక్క ఆదివారం చాలు. పొద్దున నిజామాబాద్ ఖిల్లా. అక్కడి జైలులో దాశరథి కృష్ణమాచార్యులు గారిని నిజాం కాలంలో బంధించారు. ఆయన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారని చెపుతారు. అంటే మన గోడపత్రికకు ఆయన పెద్దన్న. మధ్యాహ్నం బోధన్ రోడ్డు మీద అశోక్ సాగర్, అలీసాగర్. సాయంత్రం బోధన్ పోయి మూతపడిన ఫ్యాక్టరీని రోడ్డు మీద నుండి చూసి రావచ్చు. పట్నం, నీళ్ళు రెండూ ఉన్నాయి. సముద్రం ఒక్కటే తక్కువ.

తోటి విద్యార్థులారా! ఎక్కడికి పోయినా కాలం, రోజులు, తిరుగు టికెట్ ఈ మూడూ లెక్క వేయండి. నాలుగోది మా నానమ్మ అడిగిన ప్రశ్న. దానిని కూడా మీ ప్లాన్‌లో ఒక గీతగా రాసుకోండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి