రొట్టె దొరకని చలికాలం

1944-45 చలికాలం. జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో జనం ఆకలికి తాళలేక తులిప్ గడ్డలు కూడా ఉడికించుకు తిన్నారు. అంత కరువులోనూ కొందరు పిల్లలు తేరుకున్నారు. వాళ్లు సీలియాక్ రోగులు. గోధుమలే వాళ్ల జబ్బుకు మూలమని హేగ్ నగరపు పిల్లల వైద్యుడు విల్లెం డికే అంతకుముందే అనుమానించారు. రొట్టెలు మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టడంతో ఆ అనుమానం బలపడింది.

ఈ జబ్బులో గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి గోడనే దెబ్బతీస్తుంది. పోషకాలను పీల్చుకునే సన్నని చూషకాలు అరిగిపోతాయి. అరగని ఆహారం పెద్దపేగులో పులిసి గ్యాసు, ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము కూడా ఆ చూషకాల మీదే ఉంటుంది. అందుకే గోధుమ మానేసినా, పేగు కోలుకునేదాకా కొందరికి గ్లాసెడు పాలు తాగితే నొప్పి తప్పదు.

అన్నం తినే మనకేం భయం అనుకోవద్దు. బియ్యంలో ఈ గ్లూటెన్ లేదు, నిజమే. కానీ బొంబాయి రవ్వ ఉప్మా, సేమియా, పూరీ గోధుమవే. చారులో వేసే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుస్తుంది! గోధుమ మానేసినా నొప్పి ఎందుకు తగ్గట్లేదో తెలియక కుమిలిపోయేవాళ్లు ముందు పోపుల పెట్టె వెతకాలి.

అనుమానం రాగానే గోధుమ మానేయడం మాత్రం పొరపాటు. తింటూ ఉండగా చేయిస్తేనే రక్తపరీక్షలో, పేగు ముక్క పరీక్షలో జబ్బు సరిగ్గా బయటపడుతుంది.