గురి కుదరాలంటే... పిడి కుదరాలి!

2021 టోక్యో ఒలింపిక్స్‌. క్వాలిఫయింగ్‌ మధ్యలో మను భాకర్‌ పిస్టల్‌ మొరాయించింది. బాగుచేయించేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. ఫైనల్‌ చేజారింది. అదే మను 2024లో పారిస్‌ నుంచి రెండు కాంస్యాలతో తిరిగొచ్చింది.

ఆమెను చూసి మీ అమ్మాయీ పిస్టల్‌ కావాలంటోందా? కొనడానికి తొందరపడొద్దు. ముందు కొన్ని నెలలు క్లబ్బు పిస్టల్‌తోనే సాధన చేయనివ్వండి.

ఈ పోటీలో వాడేది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్‌ పిస్టల్‌. 10 మీటర్ల దూరంలో ఉండే పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే! పిస్టల్‌ కిలోన్నర మించకూడదు, ఒంటిచేత్తోనే పేల్చాలి. అందుకే ధరకన్నా ముందు పిడి చూడాలి. అరచేతిలో సందులేకుండా ఇమడాలి. కళ్లు మూసుకుని చేయెత్తి, తెరిచి చూస్తే ముందూ వెనకా సైట్లు ఒకే వరసలో కనిపించాలి. లేదంటే, ఎంత ఖరీదైనదైనా అది ఆ చేతికి తగ్గది కాదు!