బెంజ్ సర్కిల్ మీదుగా దొంగ సీసా

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి చెన్నై–కోల్‌కతా రోడ్డు, రెండోది హైదరాబాద్ వైపు నుంచి బందరు పోయే రోడ్డు. మన దొంగ మద్యం చరిత్ర చాలావరకు ఈ రోడ్ల వెంబడే నడిచింది.

1937లో సేలం జిల్లాలో మొదలైన మద్యనిషేధం 1948కల్లా కృష్ణా జిల్లాతో సహా మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. జగ్గయ్యపేట దాటితే నైజాం. అక్కడ నిషేధం లేదు సరికదా, అబ్కారీ ఖజానాకు పెద్ద రాబడి. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాక కూడా ఆంధ్రలో నిషేధం, తెలంగాణలో అమ్మకం కొన్నేళ్ల పాటు పక్కపక్కనే సాగాయి.

ఈ నిషేధం ఒక ప్రభుత్వాన్నే పడగొట్టిందని తెలుసా? ఉపాధి పోయిన కల్లుగీత కార్మికుల కోసం గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో ఆ వేడిలోనే టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది.

ఆ నిషేధం పోయాక, 1983 తర్వాత ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పల్లెలకు పంపింది. దాని మీద తిరగబడింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూనే రోసమ్మా, తోటి మహిళలూ సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మన రాష్ట్రంలో కూలి ఇళ్ల ఆడవాళ్లు పోరాడి సాధించుకున్న గొప్ప విజయాల్లో ఇదొకటి.

1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం పెట్టింది, కల్లుకు మినహాయింపు ఇచ్చి. కానీ గోదావరి పాయ ఒడ్డున యానాం ఉంది. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు, పుదుచ్చేరి పాలన, ఆంధ్ర నిషేధం అక్కడ చెల్లదు. తాగేవాళ్లు అక్కడికి పోయారు, సీసాలు ఇక్కడికి వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు.

2020 మే నెలలో ఆంధ్రలో మద్యం ధరలు రెండు రోజుల్లోనే 75 శాతం పెరిగాయి. తెలంగాణలో అప్పుడు సీసా చవక. ఇంకేం కావాలి? జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో కార్లూ బైకులూ వరసగా పట్టుబడ్డాయి. ఆ జులైలో బందరులో పోలీసులు 14 వేలకు పైగా సీసాలను రోడ్డు రోలరుతో తొక్కించారు. అదే నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పది మందికి పైగా చనిపోయారు. ధర పెంచితే మానేస్తారనే లెక్కలో ఈ ప్రాణాలు ఎవరూ వేయలేదు.

నాటుసారా సంగతి వేరు. దానికి సరిహద్దుతో పనిలేదు. నల్లబెల్లం ఊట పులియబెట్టి, బట్టీ పెట్టి కాస్తారు. త్వరగా పులియాలనీ, కిక్కు పెరగాలనీ అందులో ఏమేం కలుపుతారో తాగేవాడికి తెలియదు.

నిషేధం ఎత్తేస్తే దొంగ సరుకు పోతుందా? 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. వెంటనే విజయవాడ పక్కనే, హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న ఇబ్రహీంపట్నంలోనూ దొరికింది. అప్పటికి రాష్ట్రంలో దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి.

కల్తీలో ప్రాణం తీసేది మిథనాల్. 1920 నుంచి 1933 దాకా నిషేధం అమలైన అమెరికాలోనూ ఎందరినో చంపింది ఇదే. ఒంట్లోకి వెళ్లాక ఇది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆ లక్షణాలు కొన్ని గంటల తర్వాతగానీ బయటపడవు, అందుకే జనం హ్యాంగోవర్ అనుకుని పడుకుంటారు. తాగినవాళ్లకు చూపు మసకబారినా, ఆగకుండా వాంతులైనా, ఊపిరి భారమైనా తెల్లారేదాకా ఆగకండి. పోలీసు కేసవుతుందని భయపడకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ఏం తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. దీనికి విరుగుడు ఉంది, వేళకు అందితే మనిషి బతికే అవకాశం ఉంది.