ఖలీఫా గ్యాలరీలో ఇందూరు

ఫుట్‌బాల్ పిచ్చి ముదిరినవాళ్లకూ తీర్థయాత్రలుంటాయి. లండన్‌లో వెంబ్లీ, రియోలో మారకానా. డబ్బూ తీరికా ఉన్నవాళ్లు విమానమెక్కి వెళ్లి, ఖాళీ గ్యాలరీలో ఫొటో దిగి వస్తారు. నిజామాబాద్, బోధన్ ప్రాంతం నుంచి విదేశీ స్టేడియం గడప తొక్కినవాళ్ల సంగతి వేరు. వీళ్లలో ఎక్కువమంది యాత్రకు పోలేదు, పనికి పోయారు. వీళ్లకు తెలిసిన పాత మైదానం దోహాలోని ఖలీఫా ఇంటర్నేషనల్ స్టేడియం.

1976లో గల్ఫ్ కప్ కోసం దాన్ని తెరిచారు. ఇందూరు, అంటే నిజామాబాద్, పల్లెల నుంచి గల్ఫ్ వలసలు మొదలైందీ ఆ దశాబ్దంలోనే. ఎండిన బోర్లు, బీడీల కూలితో గడవని ఇళ్లు, పెరిగే అప్పులు మనుషుల్ని విమానమెక్కించాయి. మరోపక్క 1937లో బోధన్‌లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు మోసిన నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. అప్పటికే ఊళ్లలో దోహా, మస్కట్ పేర్లు పక్క మండలం పేర్లంత అలవాటైపోయాయి.

తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ ఘట్టం కూడా ఖలీఫాలో ఒకటుంది. 2006 ఆసియా క్రీడల్లో మహిళల 4×400 మీటర్ల రిలే స్వర్ణాన్ని భారత్ గెలిచింది ఆ ట్రాక్ మీదే. జట్టులో పశ్చిమ గోదావరి అమ్మాయి సత్తి గీత పరుగెత్తింది.

ఆ తర్వాత ప్రపంచ కప్ కోసం స్టేడియాన్ని తిరిగి కట్టి 2017 మేలో తెరిచారు. ఆ పనుల్లో ఉన్న వలస కార్మికుల గురించి మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2016లో ఇచ్చిన నివేదికలోని మాటలు ఇక్కడివాళ్లకు కొత్తవి కావు: ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు, యజమాని దగ్గరే ఉండిపోయిన పాస్‌పోర్టు, నెలలు గడిచినా చేతికి రాని జీతం. స్టేడియం గురించి ఎవరు మురిసిపోయినా ఈ పేజీ తిప్పకుండా పోకూడదు.

2022 నవంబరులో ప్రపంచ కప్ మొదలైంది. ఖతార్‌లో ఉంటున్నవాళ్లకు అతి చవక టికెట్ 40 రియాళ్లు. అక్కడి కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్లు కాబట్టి, చవకది కూడా ఒక రోజు కూలికి తక్కువేం కాదు. అదీ దొరికితే! దొరకనివాళ్లకు లేబర్ క్యాంపులకు దగ్గర్లో, ఏషియన్ టౌన్ క్రికెట్ మైదానంలో పెద్ద తెర పెట్టి ఉచితంగా చూపించారు. క్రికెట్ మైదానంలో కూర్చుని ఫుట్‌బాల్ చూడటం మనవాళ్లకే కుదిరిన భాగ్యం. టోర్నీకి ముందు అర్జెంటీనా, బ్రెజిల్ జెర్సీలతో దోహా వీధుల్లో ఊరేగిన కేరళవాళ్లను విదేశీ మీడియాలో కొందరు కిరాయి అభిమానులన్నారు. ఐరోపా ముఖం లేకపోతే అభిమానానికి రసీదు చూపించాలి కాబోలు.

నవంబరు 23న ఖలీఫాలో జపాన్ 2–1తో జర్మనీని కూల్చింది. గ్యాలరీలో కూర్చున్నవాళ్లు దాన్ని ఆటగా చూశారు. గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో నిలబడినవాళ్లకు వినిపించింది కేకలే. మైదానానికి వీపు చేసి నిలబడటమే వాళ్ల ఉద్యోగం.

మన జట్టు ఆడిన రోజు లెక్క వేరు. 2019 సెప్టెంబరు 10న దోహాలోనే జాసిమ్ బిన్ హమద్ స్టేడియంలో, ఆ ఏడాదే ఆసియా చాంపియన్ అయిన ఖతార్‌ని భారత్ 0–0తో నిలువరించింది. సునీల్ ఛెత్రి జ్వరంతో ఆడలేదు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఒక్క బంతినీ లోపలికి పోనివ్వలేదు. ప్రవాస భారతీయులు మ్యాచ్ గెలిచినంత సంబరపడ్డారు.

2022 డిసెంబరు 17న మూడో స్థానం మ్యాచ్ కూడా ఖలీఫాలోనే. మొరాకో మీద క్రొయేషియా 2–1తో గెలిచింది. గెలుపు గోలు కొట్టిన మిస్లావ్ ఓర్షిచ్ అప్పుడు డినామో జాగ్రెబ్ ఆటగాడు. అదే ఏడాది అదే క్లబ్బు మహిళల జట్టుకు ఆడటానికి నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్లింది. 2024–25కి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి కూడా ఆమే.