సోనాపూర్‌లో తూనీగ ఫోటో: జేబులో ఉన్న ఫోన్ చాలు

పోయిన ఎపిసోడ్‌లో తూనీగల ముచ్చట వచ్చినప్పుడు టైం సరిపోలేదు. ఎడారిలో తూనీగలు ఎక్కడివి? మామూలు ఫోన్‌తో అంత దగ్గరి ఫోటో వస్తదా? ఈ రెండింటికీ జవాబు ఇక్కడ రాస్తున్నా.

తూనీగకు ముందు కావాల్సింది నీళ్ళు. గుడ్లు నీళ్ళల్లో పెడతది. పిల్ల కూడా నీళ్ళల్లోనే పెరుగుతది, దోమ పిల్లల్ని తింటది. సోనాపూర్‌లో, అంటే కాగితాల మీద ముహైస్నా 2లో, చెరువు లేదు. కానీ దగ్గర్లోనే అల్ నహ్దా పాండ్ పార్కు ఉంది. అంత దూరం పోలేనివాళ్ళు డ్రిప్పు నీళ్ళు పెట్టే చెట్లూ పొదలూ చూడండి. పెద్దవైన తూనీగలు పురుగుల వేటకు నీళ్ళకు దూరంగా కూడా తిరుగుతయి.

యూఏఈలో కనబడేవాటిలో మన ఊళ్ళో చూసినవే రెండు రకాలు ఉన్నయి. ఒకటి ఆకుపచ్చ ఒంటి మీద నల్ల పట్టీలు, సన్న నడుము ఉన్నది. దాని శాస్త్రం పేరు ఆర్థెట్రమ్ సబీనా. రెండోది వానాకాలం పొలాల మీద గుంపుగా తిరిగే పసుపు రంగుది, పాంటాలా ఫ్లావెసెన్స్. పొడుగు నాలుగున్నర సెంటీమీటర్లు. మాల్దీవుల్లో ఉండే శాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో దీని మీద ఒక పరిశోధన రాశారు. ఏటా అక్టోబరులో ఇవి ఇండియా వైపు నుంచి గాలివాటం పట్టుకుని మాల్దీవులకు వస్తయి, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా దాకా పోతయి అన్నది ఆయన లెక్క. పోను రాను 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. అయితే పోయిన తూనీగ తిరిగిరాదు, తిరిగొచ్చేది దాని పిల్లల పిల్లలు.

ఇక ఫోటో సంగతి. తూనీగ ఒక్కో కన్నులో దాదాపు 30,000 చిన్న కళ్ళు ఉంటయి. అన్ని వైపులా చూస్తది, కదలిక పడితే లేచిపోతది. అందుకని టైం చూసి పోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా పొద్దుపొద్దున్నే మంచిది. రెక్కల కండరాలు వేడెక్కేదాకా అది ఎగరలేదు, కొమ్మ మీదే కూర్చుంటది. మెల్లగా వంగి పోండి. మీ నీడ దాని మీద పడనీయొద్దు. లేచిపోయినా అక్కడే ఆగండి. చాలా రకాలు మళ్ళీ అదే పుల్ల మీదికి వస్తయి.

ఫోన్‌లో మ్యాక్రో మోడ్ పెడితే రెండు మూడు సెంటీమీటర్ల దాకా పోవాలి, అంతలో అది ఉండదు. దానికన్నా అడుగు దూరం నుంచి 2ఎక్స్ జూమ్ పెట్టి తీయండి, తర్వాత క్రాప్ చేసుకోండి. దగ్గరి ఫోటోలో ఫోకస్ కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటది. మేస్త్రీ గోడకు మట్టంకర్ర ఆనించినట్టు ఫోన్‌ను తూనీగ ఒంటికి సమాంతరంగా పట్టండి. అప్పుడు కన్ను, రెక్క, తోక మూడూ తేటగా వస్తయి. అన్నీ కుదరకపోతే కన్ను ఒక్కటి తేటగా ఉంటే చాలు. కన్ను మీద వేలు ఒత్తి పట్టి ఫోకస్ లాక్ చేయండి. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి, వరుసగా పదిహేను ఇరవై ఫోటోలు తీయండి. ఒకటి బాగా వస్తే చాలు.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు.

మొదటిది ఎండ. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు కొన్ని తూనీగలు తోకను నిటారుగా పైకి లేపుతయి, ఒంటికి ఎండ తక్కువ తగిలేందుకు. ఫోటోకు అందంగా ఉంటది. కానీ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడ రూలు ఉన్నది ఊరికే కాదు. జీతం వచ్చే పనికే పోవద్దన్న ఎండలోకి ఫోటో కోసం పోవద్దు.

రెండోది చట్టం. 2021 నాటి 34వ నంబర్ సైబర్ చట్టం 44వ ఆర్టికల్ ప్రకారం, ఒప్పుకోకుండా ఎవరి ఫోటో తీసినా, పెట్టినా కేసు అయ్యే ప్రమాదం ఉంది. శిక్ష కనీసం ఆరు నెలల జైలు, లేదా 150,000 నుంచి 500,000 దిర్హాముల జరిమానా, లేదా రెండూ. పార్కులో తూనీగ వెనక ఏ కుటుంబమో కూర్చుని ఉండొచ్చు. బటన్ నొక్కేముందు వెనక ఎవరున్నారో చూడండి, మనుషులు ఉంటే పక్కకు జరగండి. గవర్నమెంటు బిల్డింగులు, మిలిటరీ స్థలాల దగ్గర ఫోన్ బయటికే తీయొద్దు.

ఫోటో ఇంటికి పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గి రెక్కల్లో సన్న గీతలు కలిసిపోతయి. ఆ ఫోటో చూపించి, పొలం గట్టు మీద ఇదే రకం ఉందేమో వెతకమని పిల్లలకు చెప్పండి. దొరికితే అటు నుంచి మీకూ ఒక ఫోటో వస్తది.