ఎలుక కొంచెం.. కూత ఘనం!

వేదికెక్కిన గాయకుడిలా నిలబడుతుంది. తల పైకెత్తి, నోరు బార్లా తెరిచి పాట అందుకుంటుంది. పక్కవాడు పాడుతుంటే ఆగి వింటుంది. వాడు ఆపగానే తాను మొదలుపెడుతుంది. మధ్య అమెరికాలోని మబ్బుల అడవుల్లో బతికే ఈ చిట్టెలుక పాటలో మనుషుల మాటల గుట్టు వెతుకుతున్నారు శాస్త్రవేత్తలు.

కోస్టారికా కొండల్లో పొద్దున్నే వెళితే మబ్బు నెత్తిమీద ఉండదు.. చెట్ల మధ్యే ఉంటుంది. కొమ్మలన్నీ నాచు తొడుక్కుని కనిపిస్తాయి. వాన లేకపోయినా ఆకుల చివర్ల నుంచి టప్‌టప్‌మని చుక్కలు రాలుతుంటాయి. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో గడ్డి దుబ్బుల్లోంచి సన్నటి ఈల ఒకటి గలగలమంటూ వినిపిస్తుంది. ఏ కీచురాయో, పిట్టో అనుకుంటారు కొత్తవాళ్లు. తీరా చూస్తే.. ఎలుక!

దీని పేరు ఆల్‌స్టన్స్ సింగింగ్ మౌస్. అంటే పాడే చిట్టెలుక. బరువు పన్నెండు గ్రాములకు కాస్త అటూఇటూ.. మన రూపాయి బిళ్లలు మూడు కలిపితే ఎంతో అంత! మెక్సికో దక్షిణ ప్రాంతం నుంచి పనామా దాకా కొండ అడవుల్లో ఉంటుంది. శాస్త్రీయ నామం ‘స్కోటినోమిస్ టెగ్వినా’. స్కోటినోమిస్ అంటే గ్రీకులో చీకటి ఎలుక అని. ముదురు గోధుమ రంగు కాబట్టి ఆ పేరు నప్పుతుందేమోగానీ, నిజానికి ఇది పగటి జీవి. మిగతా ఎలుకలు పడుకునే వేళ ఇది పురుగుల వేటకు బయల్దేరుతుంది. నేలమీద ఆకుల మధ్య చకచకా పరుగెడుతూ దొరికినదాన్ని దొరికినట్టు పట్టేస్తుంది.

పది సెకన్ల కచేరీ
మామూలు ఎలుకలూ పాడతాయి. కాకపోతే వాటి కూతలు చాలావరకు మన చెవికి అందనంత పైస్థాయిలో ఉంటాయి. మనిషి వినగలిగే హద్దు 20 కిలోహెర్ట్జ్. పాడే చిట్టెలుక ఒక్కో స్వరాన్నీ దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో మొదలుపెట్టి కిందికి జారుస్తుంది. ఆ జారే స్వరంలో సగం మనకు వినపడదు, సగం వినపడుతుంది. ఒక పాటలో పదుల కొద్దీ స్వరాలుంటాయి. ఒక్కోసారి వంద వరకూ వెళ్తాయి. మొదట గబగబా, పోనుపోను నిదానంగా, బిగ్గరగా. అంతా కలిపి పది సెకన్ల వ్యవహారం.

పాడేది ఎక్కువగా మగ ఎలుకే. ఒకటి తోడు కోసం, రెండు ‘ఈ జాగా నాది’ అని చాటడం కోసం. ఎంత వేగంగా, ఎంత విస్తృతమైన స్థాయుల్లో పాడితే ఆడ ఎలుకలు అంతగా అటు మొగ్గుతాయని 2011లో బ్రెట్ పాష్ బృందం తేల్చింది. పాటకు ఒంట్లో బలమూ ఉండాలి. కొవ్వు నిల్వలు బాగా ఉన్న ఎలుకలే ఎక్కువ పాడతాయని 2018లో మరో అధ్యయనం చెప్పింది. కడుపు నిండినవాడికే కచేరీ!

మాటకు మాట
మనం మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపగానే మరొకరు అందుకుంటాం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే సంభాషణ కాదు, గోల. చూడ్డానికి తేలికే. మెదడుకు మాత్రం పెద్ద పని. ఈ చిట్టెలుకలూ అంతే. ఎదుటిది ముగించిన క్షణంలోనే ఇది అందుకుంటుంది. ఒకదాని పాట మీద మరొకటి పడదు.

దీని వెనక మెదడులో ఏముందో 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లాంగ్ బృందం చేసిన పని అది. డేనియల్ ఒకోబీ, అర్కరూప్ బెనర్జీ అందులో ముఖ్యులు. మెదడు పైపొరలో ఒక చిన్న భాగాన్ని చల్లబరిస్తే పాట సాగినట్టయింది. ఆ భాగాన్ని మందుతో పనిచేయకుండా చేస్తే చిత్రం జరిగింది.. ఎలుక ఒంటరిగా పాడగలిగింది, జవాబు మాత్రం ఇవ్వలేకపోయింది! అంటే పాడటం వేరు, వంతు తెలిసి పాడటం వేరు. పక్షవాతంతోనో మరో కారణంతోనో మాట తడబడేవారిని అర్థం చేసుకోవడానికి ఇలాంటి పరిశోధనలు దారి చూపుతాయని ఆశ.

కొండమీద హద్దురాయి
ఈ ఎలుకకు పైఇంట్లో ఓ దాయాది ఉంది. ‘స్కోటినోమిస్ జెరాంపెలినస్’. కాస్త పెద్దది, కాస్త దుడుకుది. కోస్టారికా, పనామాల్లో ఎత్తయిన చలికొండల మీద ఉంటుంది. కింద చిన్నది, పైన పెద్దది. మధ్యలో గోడా లేదు, కంచే లేదు. హద్దు గీసేది పాటే!

పాష్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఇది. పెద్ద ఎలుక పాటను స్పీకర్లో వినిపిస్తే చిన్నది నోరు మూసుకుని తప్పుకుంది. పెద్దది మాత్రం ఎవరి పాట విన్నా మీదికే వచ్చింది. హద్దు దగ్గర పెద్దవాటిని తీసేస్తే చిన్నవి పైకి ఎగబాకాయి. చిన్నవాటిని తీసేస్తే పెద్దవి కిందికి దిగలేదు. వాటికి వేడి పడదు మరి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొండ వేడెక్కుతున్నకొద్దీ పెద్ద ఎలుక పైకి జరగాలి. దాని వెనకే చిన్నది. పైకి పోయేకొద్దీ కొండ సన్నబడుతుంది. కోస్టారికాలో అన్నిటికన్నా ఎత్తయిన చిర్రిపో శిఖరం 3,820 మీటర్లు. ఆ పైన ఉన్నది ఆకాశమే.

ఇది ఊరికే వచ్చిన భయం కాదు. అదే దేశంలో మాంటెవెర్డే మబ్బుల అడవిలో బంగారు రంగు కప్పలుండేవి. 1987లో వందల సంఖ్యలో కనిపించాయి. 1989లో కనిపించింది ఒక్కటే. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. 2004లో అంతరించినట్టు ప్రకటించారు. శిలీంధ్ర వ్యాధి, పొడిబారిన వాతావరణం రెంటినీ కారణాలుగా చెబుతారు. అక్కడ మంచు కమ్మని రోజులు పెరుగుతున్నాయని 1999లోనే ‘నేచర్’ పత్రికలో శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

పాడే ఎలుకలకు ఇప్పటికిప్పుడు ముప్పు లేదు. ఐయూసీఎన్ జాబితాలో రెండూ భద్రంగానే ఉన్నాయి. అవి భద్రంగా ఉండాలంటే మబ్బు ఆ కొండను వదిలిపోకూడదు.

కొండను తవ్వి ఎలుకను పట్టాడని అంటాం, శ్రమంతా వృథా పోయిందని చెప్పడానికి. ఇక్కడ కొండెక్కి ఎలుకను పట్టినవాళ్లకు మాత్రం, మాటకు మాట ఎలా పుడుతుందో కొంత తెలిసింది. కొండను కాపాడుకోకపోతే ఏం పోతుందో కూడా!